బల్ల దగ్గరికి ఎవరు రావచ్చు? న్యూ ఇంగ్లండ్ కాల్వినిస్టు కాపరుల తగవులు

అందరికీ నమస్కారం. అధ్యక్షులవారు నన్ను పరిచయం చేస్తూ "కాల్విన్ సిద్ధాంతం మీద మాట్లాడతారు" అన్నారు. ఆ మాట వినగానే వెనక బెంచీల్లో రెండు మూడు ఫోన్లు బయటికి రావడం ఇక్కణ్ణుంచి కనబడింది. (నవ్వులు) కంగారు పడకండి. కాల్విన్ పదహారో శతాబ్దపు ప్రొటెస్టెంటు సంస్కర్త, ఆయన బాట పట్టినవాళ్లే కాల్వినిస్టులు. నేను చెప్పబోయేవాటిలో ఎక్కువ భాగం ఇంటి గొడవలు, జీతం పేచీలు, ఒక ఓటింగు. సిద్ధాంతం వాటిలోనే కలిసిపోయి ఉంది, విడిగా తీసి చెప్పక్కర్లేదు.

ఓటింగుతోనే మొదలుపెడతాను. 1750 జూన్. అమెరికా ఇంకా బ్రిటిష్ వలసగా ఉన్న కాలం. న్యూ ఇంగ్లండ్ అంటే ఆ దేశపు ఈశాన్య ప్రాంతం, అక్కడ మసాచుసెట్స్‌లో నార్తాంప్టన్ అనే ఊరు. ఆ ఊరి సంఘంలో 23 ఏళ్లుగా పాస్టరుగా ఉన్న జోనతన్ ఎడ్వర్డ్స్‌ను ఉంచాలా, పంపెయ్యాలా అని సభ్యులు ఓటేశారు. సభ్యులంటే మగవాళ్లు మాత్రమే, ఆడవాళ్లకు ఓటు లేదు. పంపెయ్యండి అన్నవాళ్లు 200 మందికి పైగా. ఉంచుదాం అన్నవాళ్లు ఇరవై చిల్లర. ఇరుగు పొరుగు సంఘాలనుంచి వచ్చిన పెద్దల మండలి అంతకుముందే కూర్చుని, అటు పది, ఇటు తొమ్మిది ఓట్లతో, అంటే ఒక్క ఓటు తేడాతో, విడిపోవడమే మంచిదని తేల్చింది.

ఈ ఎడ్వర్డ్స్ ఎవరో కాదు. అమెరికాలో పుట్టిన వేదాంత పండితులందరిలోకీ పెద్దవాడని ఇవాళ ఆయన మాటతో ఏకీభవించనివాళ్లు కూడా ఒప్పుకుంటారు. డబ్బు తినలేదు, ఆడవాళ్ల గొడవ లేదు. మరి ఏం చేశాడు? ప్రభువు బల్లలో పాలు పుచ్చుకోవాలంటే ముందు "నాకు నిజంగా విశ్వాసం ఉంది" అని సంఘం ఎదుట నోరు తెరిచి చెప్పాలన్నాడు. అంతే.

ఇక్కడ క్రైస్తవులు కానివాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి ఒక్క మాట. ప్రభువు బల్ల అంటే యేసు చివరి భోజనాన్ని గుర్తు చేసుకుంటూ రొట్టె, ద్రాక్షారసం తీసుకోవడం. మన ఊళ్ల సంఘాల్లో కూడా బాప్తిస్మం తీసుకోనివాళ్లకు బల్ల ఇవ్వరు, క్రమశిక్షణలో పెట్టినవాళ్లను బల్లకు దూరంగా ఉంచుతారు. అంటే అది లోపలివాళ్లెవరో, బయటివాళ్లెవరో చూపించే గీత. ఆ గీత ఎక్కడ గియ్యాలనేదే నూరేళ్లకు పైగా నడిచిన తగవు.

కాల్వినిస్టులు అనగానే అందరికీ గుర్తొచ్చేది ముందు నిర్ణయం. రక్షణ పొందేవాళ్లను దేవుడు జగత్తు పునాది వెయ్యకముందే ఏర్పరచుకున్నాడు, అది వాళ్ల మంచితనం చూసి కాదు, కేవలం ఆయన చిత్తం. దీని మీద యూరప్‌లో జరిగిన చర్చ అంతా ఇప్పుడు తవ్వను. న్యూ ఇంగ్లండ్ పాస్టర్లకు ఆ విషయంలో పెద్దగా తేడాలు లేవు. వాళ్ల తలనొప్పి వేరు. ఎవరిని ఏర్పరచుకున్నాడో దేవుడికి ఒక్కడికే తెలుసు. కానీ 1630లో మసాచుసెట్స్ బే చేరిన ప్యూరిటన్లు, అంటే ఇంగ్లండ్ చర్చిని శుద్ధి చెయ్యాలన్న కాల్వినిస్టులు, సంఘంలో ఊరందరూ ఉండకూడదు, మారుమనస్సు పొందినవాళ్లే ఉండాలి అన్నారు. ఇంగ్లండ్‌లో పుట్టిన ప్రతివాడూ చర్చి సభ్యుడే అయిపోయే పద్ధతి మీద కోపంతోనే కదా వాళ్లు సముద్రం దాటింది. సరే, అయితే ఎవరు మారారో, ఎవరు మారలేదో ఎలా తెలుస్తుంది? తెలుసుకునేది ఎవరు?

1630ల నడిమి నుంచి ఒక పద్ధతి స్థిరపడింది. సభ్యత్వం కావాలన్నవాడు సంఘం ముందు నిలబడి తన ఆత్మలో దేవుడు ఏం చేశాడో చెప్పాలి. మనం ఇప్పుడు సాక్ష్యం చెప్పడం అంటాం. కేంబ్రిడ్జ్ ఊళ్లో థామస్ షెపర్డ్ అనే పాస్టరు ఉండేవాడు. తన సంఘంలో అలా చెప్పిన యాభై మందికి పైగా జనం మాటల్ని నోటు పుస్తకంలో రాసుకున్నాడు. ఆ పుస్తకం దక్కింది. పనిమనుషుల మాటలు కూడా అందులో ఉన్నాయి. ఆ సాక్ష్యాలు మన సాక్ష్యాల్లా ఉండవు. "ఫలానా తేదీన రక్షించబడ్డాను, స్తోత్రం" అని ఎవరూ గట్టిగా చెప్పరు. ఓ వాక్యం విని కాస్త ఊరట కలిగిందంటారు, ఆ వెంటనే అది నా మనసు నన్ను మోసం చెయ్యడమేమో అంటారు, మళ్లీ భయం, మళ్లీ చిన్న ఆశ. మరీ ధీమాగా మాట్లాడేవాణ్ణే పెద్దలు అనుమానించేవారు. నాకు ఆ పేజీలు చదువుతుంటే గొప్ప సిద్ధాంత గ్రంథాల్లో దొరకని మనుషులు అక్కడ దొరుకుతారనిపిస్తుంది.

ఇది ఆత్మ సంగతి మాత్రమే అనుకోకండి. 1631 నుంచి మసాచుసెట్స్‌లో సంఘ సభ్యుడైన మగవాడికే ఓటు హక్కు. కాబట్టి సాక్ష్యం చెప్పడానికి వణికినవాడు ఓటు కూడా పోగొట్టుకున్నట్టే.

మొదటి పెద్ద గొడవ తెచ్చింది ఒక మంత్రసాని. ఆన్ హచిన్సన్. బోస్టన్‌లో తన ఇంట్లో ఆడవాళ్లను కూర్చోబెట్టి ఆదివారం ప్రసంగాన్ని మళ్లీ వివరించేది. కొన్నాళ్లకు మగవాళ్లూ రావడం మొదలుపెట్టారు. ఆవిడ అన్నదేమిటంటే: ఈ కాలనీలో జాన్ కాటన్, మా ఆడపడుచు భర్త వీల్‌రైట్ తప్ప మిగతా పాస్టర్లందరూ కృప పేరు చెప్పి క్రియలే బోధిస్తున్నారు. అంటే, మంచి నడవడి ఉంటే నువ్వు రక్షణ పొందినట్టే అని జనానికి ఆశ పెడుతున్నారు అని. చూడండి, కాల్విన్‌నే కాల్వినిస్టుల మీద ప్రయోగించింది. 1637 నవంబరులో కోర్టు విచారణ. పాస్టర్లు, గవర్నరు విన్‌త్రాప్ అందరూ ఒక వైపు, గర్భంతో ఉన్న ఆవిడ ఒక్కతే ఇంకో వైపు. వచనానికి వచనం చెబుతూ దాదాపు గెలిచేసింది. చివర్లో, దేవుడు నాకు నేరుగా తెలియజేశాడు అనేసింది. వాళ్లకు కావలసింది అదే. దేశ బహిష్కారం వేశారు. మరుసటి మార్చిలో సంఘంనుంచి కూడా వెలివేశారు. ఆవిడ మెచ్చుకున్న జాన్ కాటన్ చివరికి పెద్దల పక్కనే నిలబడ్డాడు. కాటన్ మీద నాకు అంత గౌరవం లేకపోవడానికి కారణం అదే, మీ అభిప్రాయం వేరే అయితే తర్వాత పోట్లాడుకుందాం.

ఇక అసలు చిక్కు పిల్లలతో వచ్చింది. సభ్యుల పిల్లలకు పసితనంలోనే బాప్తిస్మం ఇచ్చేవారు. ఆ పిల్లలు పెద్దవాళ్లయ్యారు, బుద్ధిగానే ఉన్నారు, గుడికి వస్తున్నారు, కానీ సంఘం ముందు నిలబడి చెప్పేంత అనుభవం మాకు లేదన్నారు. వాళ్లకు పెళ్లిళ్లయి పిల్లలు పుట్టారు. ఇప్పుడు ఆ మనవలకు బాప్తిస్మం ఇవ్వాలా, వద్దా? తాతలు సముద్రం దాటి వచ్చినవాళ్లు. మనవణ్ణి అన్యుడిలా బయట నిలబెట్టడానికి ఏ తాతకు మనసొప్పుతుంది?

1662లో బోస్టన్‌లో సంఘాల మహాసభ పెట్టి మధ్యేమార్గం తీశారు. నడవడి బాగుండి, నిబంధన, అంటే దేవుడితో, సంఘంతో చేసుకునే ఒడంబడిక, ఒప్పుకుంటే చాలు, వాళ్ల పిల్లలకు బాప్తిస్మం ఇవ్వచ్చు. బల్ల మాత్రం లేదు. దీనికి గిట్టనివాళ్లు తర్వాతి కాలంలో పెట్టిన పేరు హాఫ్‌వే కవనెంట్, సగం దారి నిబంధన. దీనిమీద ఇళ్లే చీలిపోయాయి. రిచర్డ్ మేథర్ అనే పెద్ద పాస్టరు కావాలంటే, ఆయన కొడుకు ఇంక్రీజ్ మేథర్ కూడదన్నాడు. కొన్నాళ్లకు కొడుకూ మనసు మార్చుకున్నాడు. హార్వర్డ్ కాలేజీ అధ్యక్షుడు చార్లెస్ చాన్సీ వ్యతిరేకించాడు. న్యూ హేవెన్‌లో జాన్ డావెన్‌పోర్ట్ అనే ముసలి పాస్టరు ససేమిరా అన్నాడు. ఆయన్ను బోస్టన్ మొదటి సంఘం పిలిపించుకుంది. అయితే న్యూ హేవెన్ సంఘం ఆయన్ను మనస్ఫూర్తిగా వదలలేదు. వాళ్లు రాసిన ఉత్తరంలో కొన్ని భాగాలు దాచిపెట్టి, మిగతాది చదివి వినిపించారు బోస్టన్ పెద్దలు. పరిశుద్ధుల సంఘం కోసం పోరాడేవాళ్లు చేసిన పని ఇది! ఆ సంఘం చీలి 1669లో ఇంకో సంఘం పుట్టింది. అదే నేటి ఓల్డ్ సౌత్.

అసలు పసిపిల్లలకు బాప్తిస్మమే వద్దంటే ఈ చిక్కే ఉండదు కదా అని మీలో బాప్టిస్టులు అనుకుంటున్నారని నాకు తెలుసు. (నవ్వులు) అలా అన్నవాళ్లూ ఉన్నారు. హార్వర్డ్ మొదటి అధ్యక్షుడు హెన్రీ డన్‌స్టర్ తన బిడ్డకు బాప్తిస్మం ఇప్పించనన్నాడు. 1654లో పదవి వదులుకోవలసి వచ్చింది. అంతకు మూడేళ్ల ముందు ఒబదయా హోమ్స్ అనే బాప్టిస్టుకు బోస్టన్‌లో 30 కొరడా దెబ్బలు కొట్టారు.

ఇప్పుడు నార్తాంప్టన్‌కి వద్దాం. అక్కడ సాలమన్ స్టాడర్డ్ అనే ఆయన దాదాపు అరవై ఏళ్లు పాస్టరుగా ఉన్నాడు. ఆ ఊరున్న కనెక్టికట్ నది లోయకంతా పోప్ అని ఆయన్ను ఆడిపోసుకునేవారు. ఆయన ఒక దూకు దూకాడు. ఎవరు మారారో మనకు ఎలాగూ తెలియదు, తెలుసుకోగలమని అనుకోవడమే గర్వం. కాబట్టి నడవడి బాగుండి, సిద్ధాంతం తెలిసినవాళ్లెవరైనా బల్లకు రావచ్చు. బల్ల దగ్గరే దేవుడు వాళ్లను మార్చవచ్చు. ఇది మెతక మాటలా వినిపిస్తుంది గాని, ఆలోచిస్తే చాలా గట్టి కాల్వినిస్టు మాట. ఏర్పాటు దేవుడిదైనప్పుడు తలుపు దగ్గర కాపలా మనదేమిటి అనడమే కదా. మేథర్లు మండిపడ్డారు. స్టాడర్డ్ లెక్కచెయ్యలేదు. ఆయన భార్య మేథర్ల ఇంటి కోడలే, ఇంక్రీజ్ అన్నగారి వితంతువు, కాబట్టి ఇది కూడా ఇంటి గొడవే.

స్టాడర్డ్ కూతురి కొడుకే జోనతన్ ఎడ్వర్డ్స్. 1703లో పుట్టాడు, యేల్‌లో చదివాడు, 1727లో తాత దగ్గర సహాయకుడిగా చేరాడు. రెండేళ్లకు తాత పోయాడు. కుర్చీతో పాటు బల్ల పద్ధతి కూడా వారసత్వంగా వచ్చింది. ఇరవై ఏళ్లు ఆ పద్ధతినే నడిపాడు.

మధ్యలో ఉజ్జీవాలు, అంటే జనం ఒక్కసారిగా గుంపులుగా భక్తి వైపు మళ్లిన రోజులు, వచ్చాయి. 1734-35లో ఆ చిన్న ఊళ్లో సుమారు 300 మంది మారారని ఆయనే రాశాడు. ఆ వేడిలోనే ఎడ్వర్డ్స్ పిన్నిగారి భర్త జోసెఫ్ హాలీ, నాకు రక్షణ లేదన్న దిగులుతో గొంతు కోసుకుని చనిపోయాడు. ఆ ఇంట్లో పదకొండేళ్ల కొడుకున్నాడు, వాడి పేరూ జోసెఫే. గుర్తుంచుకోండి. 1740లో జార్జ్ విట్‌ఫీల్డ్ అనే ప్రసంగీకుడు ఇంగ్లండ్ నుంచి వచ్చి ఊరూరా బయలు ప్రసంగాలు చేశాడు. 1741 జూలై 8న ఎన్‌ఫీల్డ్‌లో ఎడ్వర్డ్స్ "వారి కాలు జారు కాలమున" అన్న ద్వితీయోపదేశకాండ వచనం తీసుకుని ప్రసంగించాడు. గొంతు పెంచే అలవాటు లేని మనిషి. సాలెపురుగును నిప్పు మీద పట్టుకున్నట్టు దేవుడు మిమ్మల్ని పట్టుకుని ఉన్నాడు అంటుంటే జనం ఏడుపులు, కేకలు. నిశ్శబ్దంగా ఉండండని ఆయన మధ్యలో ఆగవలసి వచ్చింది.

బోస్టన్‌లో ఇంకో చార్లెస్ చాన్సీ, ఇందాకటి హార్వర్డ్ చాన్సీకి మునిమనవడు, ఇదంతా ఆవేశం, భక్తి కాదు అని పెద్ద పుస్తకమే రాశాడు. ఆయన ఎత్తి చూపడానికి కావలసినన్ని ఉదాహరణలున్నాయి. ఇందాకటి డావెన్‌పోర్ట్ మునిమనవడు జేమ్స్ డావెన్‌పోర్ట్ 1743లో న్యూ లండన్ రేవు దగ్గర మంట పెట్టి, పూజ్యులైన పాస్టర్ల పుస్తకాలు తగలబెట్టించాడు. మర్నాడు ఆడంబరమైన బట్టల వంతు వచ్చింది. తన ప్యాంటు కూడా విప్పి కుప్పలో వేశాడు. ఎవరో దాన్ని తీసి మొహాన కొట్టారు. (నవ్వులు) తర్వాత తప్పు ఒప్పుకుంటూ అచ్చు వేయించాడనుకోండి. చాన్సీ సంగతీ చెప్పాలి. పైకి అంత నెమ్మదస్తుడు, లోపల మాత్రం చివరికి దేవుడు అందరినీ రక్షిస్తాడన్న నమ్మకానికి వచ్చేశాడు. ఆ రాతప్రతిని ఏళ్ల తరబడి దాచాడు. స్నేహితుల మధ్య దానికి "పుడ్డింగ్" అని రహస్య నామం. 1780లలో గాని అచ్చుకు ఇవ్వలేదు.

ఎడ్వర్డ్స్ ఈ ఇద్దరి మధ్యా ఇరుక్కున్నాడు. ఉజ్జీవం దేవుడి పనేనని నమ్మాడు, కానీ మారామన్నవాళ్లు కొన్నేళ్లకు మళ్లీ పాత దారి పట్టడం కళ్లారా చూశాడు. మరి బల్ల దగ్గర కూర్చున్నవాళ్లెవరు? తాత పద్ధతి తప్పేమోనన్న అనుమానం అక్కణ్ణుంచి ముదిరింది.

1744లో ఇంకో తంటా. కొందరు కుర్రాళ్లు మంత్రసానుల పుస్తకం ఒకటి సంపాదించి, చదివి, ఆడపిల్లలను ఏడిపిస్తున్నారని తెలిసింది. ఎడ్వర్డ్స్ విచారణకు రావలసినవాళ్ల పేర్లు ప్రసంగ పీఠం మీంచి చదివాడు. నిందితులెవరో, సాక్షులెవరో విడదీయకుండా, ఒకే జాబితా. ఊళ్లో పెద్ద కుటుంబాల పిల్లలు చాలామంది అందులో ఉన్నారు. సాయంత్రానికి ఊరు ఊరంతా ఎదురు తిరిగింది. జీతం సంగతి సరేసరి. కుటుంబ ఖర్చులు ఇన్ని ఎందుకవుతున్నాయో లెక్క చూపించమన్నారు. పదకొండు మంది పిల్లల ఇల్లు అది. ఆ తర్వాత నాలుగేళ్లు ఒక్కరు కూడా కొత్తగా సభ్యత్వం అడగలేదు. 1748లో ఆయనకు అండగా ఉన్న మేనమామ కర్నల్ జాన్ స్టాడర్డ్ చనిపోయాడు. ఆ డిసెంబరులో పెళ్లి చేసుకోబోతున్న ఒక యువకుడు సభ్యత్వం అడిగితే, ఎడ్వర్డ్స్ నాలుగైదు వాక్యాల ఒప్పుకోలు రాసి చేతికిచ్చాడు. చూస్తే చాలా మామూలు మాటలు. ఆ కుర్రాడు ఊరి గొడవకు జడిసి వెనక్కి తగ్గాడు.

ఆ విషయం మీద ప్రసంగిస్తానంటే కమిటీ వద్దంది. సరేనని పుస్తకం రాశాడు, ఊళ్లో చదివినవాళ్లు తక్కువ. గురువారాల్లో ఉపన్యాసాలు పెడితే పొరుగూళ్లనుంచి వచ్చారు గాని సొంత సంఘంవాళ్లు పెద్దగా రాలేదు. వాళ్ల దృష్టిలో ఇది సిద్ధాంతం కాదు, తాతగారిని కాదనడం. ఊరికి అరవై ఏళ్లు దేవుడిలా ఉన్న మనిషిని మనవడు తప్పంటాడా? వ్యతిరేక పక్షానికి ముందు నిలబడి వాదించిన లాయరు ఎవరనుకున్నారు? ఆ జోసెఫ్ హాలీ కొడుకు, జోసెఫ్ హాలీ. కొన్నేళ్ల తర్వాత ఆ హాలీయే తాను చేసింది పాపమని ఉత్తరం రాశాడు, అది 1760లో పత్రికలో అచ్చయింది. అప్పటికి ఎడ్వర్డ్స్ లేడు.

ఇంకోటి చెప్పకపోతే నేను ఆయనకు భజన చేసినట్టవుతుంది. కాగితం ఖరీదైన రోజులు. ఎడ్వర్డ్స్ పాత రశీదుల వెనక, ఉత్తరాల వెనక, ఇంట్లో ఆడపిల్లలు విసనకర్రలు చేసి అమ్మగా మిగిలిన ముక్కల మీద ప్రసంగాలు రాసుకునేవాడు. ఆయన కాగితాల్లో మిగిలినవాటిలో 1731 నాటి ఒక అమ్మకపు పత్రం ఉంది. న్యూపోర్ట్ రేవులో 80 పౌండ్లకు వీనస్ అనే నీగ్రో బాలికను కొన్నట్టు. మారిన మనసుకు గుర్తులేమిటని జీవితమంతా అడిగిన మనిషి దాచుకున్న పత్రం అది. ఆయన శిష్యుడు శామ్యూల్ హాప్కిన్స్, సొంత కొడుకు చిన్న ఎడ్వర్డ్స్ మాత్రం బానిసత్వం పాపమని గట్టిగా ఎదిరించారు, గురువు సిద్ధాంతంతోనే.

ఉద్యోగం పోయాక స్టాక్‌బ్రిడ్జ్ అనే సరిహద్దు ఊళ్లో మహికన్ అనే అమెరికా ఆదివాసీ తెగవాళ్లకు బోధకుడిగా వెళ్లాడు. అక్కడే 1754లో స్వేచ్ఛాచిత్తం మీద ఆయన గ్రంథం వెలువడింది. దాని సారం ఒక్క ముక్కలో: తాగుబోతుకు సీసా వదలమంటే వదలలేడు, కానీ వాడి చేతులు ఎవరూ కట్టెయ్యలేదు. వాడికి లేనిది శక్తి కాదు, ఇష్టం. కాబట్టి దేవుడి ఏర్పాటూ నిజమే, మనిషి బాధ్యతా నిజమే. 1758లో ప్రిన్స్‌టన్ కాలేజీ అధ్యక్షుడిగా వెళ్లి, మశూచికి టీకా వేయించుకుని, అది వికటించి మార్చి 22న చనిపోయాడు. 54 ఏళ్లు.

ఆ తాగుబోతు వాదన మన దాకా వచ్చింది. ఇంగ్లండ్‌లో కాల్వినిస్టు బాప్టిస్టులు కొందరు, ఏర్పాటు లేనివాళ్లను రమ్మని పిలవడం దండగ అనుకునేవారు. ఆండ్రూ ఫుల్లర్ ఎడ్వర్డ్స్‌ను చదివి, పిలవచ్చు, పిలవాలి అన్నాడు. ఆయన మిత్రుడే బెంగాల్‌కు మిషనరీగా వచ్చిన విలియం కేరీ. కేరీ పనిచేసిన శ్రీరాంపూర్ నుంచి 1814లో తెలుగు వ్యాకరణం, 1818లో తెలుగు కొత్త నిబంధన అచ్చయ్యాయి.

బాప్తిస్మం తగవు కూడా వచ్చింది. మసాచుసెట్స్‌లో కాంగ్రిగేషనల్, అంటే ఇందాకటి ప్యూరిటన్ సంఘాల శాఖ, పాస్టరు కొడుకు అడొనీరమ్ జడ్సన్ 1812లో కలకత్తాకు ఓడెక్కాడు. శ్రీరాంపూర్ బాప్టిస్టులతో వాదించవలసి వస్తుందని దారిలో బాప్తిస్మం సంగతి చదవడం మొదలుపెట్టి, కలకత్తాలో దిగాక తానే బాప్టిస్టు అయిపోయాడు. పంపించినవాళ్లకు ఎంత టెన్షనో ఊహించండి! ఆయన్ను పోషించడానికే అమెరికా బాప్టిస్టులు 1814లో మిషన్ సంస్థ పెట్టుకున్నారు. 1836లో ఆ మిషన్ తరఫున శామ్యూల్ డే తెలుగు దేశానికి వచ్చాడు, 1840లో నెల్లూరు చేరాడు. ఆ తర్వాత ఒంగోలుకు జాన్ క్లౌ.

1876-78 కరువు. క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వకం కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి ఇప్పించాడు. బాప్తిస్మం ఇమ్మని వేలమంది వచ్చారు. ఇవ్వనన్నాడు. గంజి కోసం వస్తున్నారో, ప్రభువు కోసం వస్తున్నారో ఎలా చెప్పడం? ఏడాదికి పైగా ఆపాడు. కూలి, సాయం ఇక ఏమీ లేవని చెప్పించాక కూడా జనం వచ్చారు. ఒక్కొక్కరినీ ఎరిగిన మాదిగ బోధకులు తమ ఊళ్లవాళ్లను చెట్ల కింద విడివిడిగా కూర్చోబెట్టుకుని విచారించారు. 1878 జూలై 3న వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజున 2,222 మందికి బాప్తిస్మం. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకుని నీళ్లలో నిలబడ్డారు. అంత మందికి ఒక్క రోజులో ఎలా ఇచ్చారు, వాళ్లందరూ నిజంగా మారినవాళ్లేనా అని అటు అమెరికాలోనూ, ఇటు మిషనరీల్లోనూ అనుమానాలు వచ్చాయి. మా బోధకులకు వాళ్లు తెలుసు అన్నదే క్లౌ జవాబు. స్టాడర్డ్ ఏమనేవాడో, ఎడ్వర్డ్స్ ఏమనేవాడో మీరు ఆలోచించండి. నేను స్టాడర్డ్ వైపు. ఇక ప్రశ్నలు తీసుకుందాం, ముందు ఆ వెనక బెంచీవాళ్లు అడగండి.